లెక్క చెప్పు నాయకుడు

నాయకుడు అను మాట మన నోట దినమునకు ఎన్నిసార్లు దొర్లునో చెప్పలేము. గ్రామ పంచాయతీకి నాయకుడు కావలెను. సహకార సంఘమునకు, కార్మిక సంఘమునకు, దేవాలయ ధర్మకర్తల మండలికి, చర్చి కమిటీకి, మసీదు కమిటీకి, తుదకు బడిపిల్లల ఆటల జట్టుకు సైతము నాయకుడు కావలెను. అతడెట్టివాడై యుండవలెనని అడిగినచో అందరును ఒక్కటే బదులు చెప్పుదురు: వినయము కలవాడు, నిజాయితీ కలవాడు అయి యుండవలెను. అయితే ఆ రెండు గుణములను గుర్తుపట్టుట యెట్లు? చేతులు జోడించి, మెడ వంచి, నేను మీ సేవకుడను అనువాడెల్ల వినయవంతుడగునా? తాను నీతిపరుడనని వేదికమీద చెప్పుకొనువాడెల్ల నిజాయితీపరుడగునా? ఈ ప్రశ్నకు బైబిలు గ్రంథమున దొరకు సమాధానమేమో, ఆ సమాధానము మన తెలుగునాట ఒక మనుష్యుని జీవితమున ఎట్లు రూపుదాల్చెనో ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

మేమీ మాటలు తగరపువలసనుండి వ్రాయుచున్నాము. ఇది గోస్తనీ నది యొడ్డున, విశాఖపట్టణమునుండి శ్రీకాకుళము వైపు పోవు పెద్దబాటమీద నున్న ఊరు. ఇక్కడికి కొద్ది దూరముననే, భీమునిపట్టణమువద్ద, నది సముద్రమున కలియును. ప్రక్కనే చిట్టివలస. అచ్చటి జూటు మిల్లు 2009లో మూతపడువరకు ఈ ప్రాంతమున ఎన్నో కుటుంబములకు కూడు పెట్టెను. మిల్లు ఊరివారికి నాయకుడన నెవరో వేరుగా చెప్పనక్కరలేదు. యజమాని యెదుట తమ తరఫున నిలుచువాడు నాయకుడు. చందా వసూలు చేసి దాచువాడు నాయకుడు. ఒప్పందములో ఏమి వ్రాసియున్నదో చదివి చెప్పువాడు నాయకుడు. అతని మాట నమ్మి జనము పనిలోనికి పోవుదురు. అతని మాట నమ్మియే పని మానుదురు. కనుక నాయకుని నడవడి యనునది వేదాంత చర్చకు మాత్రమే చెందినది కాదు. అది కంచములోని మెతుకునకు సంబంధించిన సంగతి.

బైబిలు ఉదాహరణములను ఎత్తుకొనుటకు మరియొక కారణము కూడ కలదు. ఆ గ్రంథభాగములు తెలుగున అచ్చగుటకు తొలికృషి జరిగినది మన విశాఖపట్టణముననే. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ అను ఇరువురు 1805లో ఇచ్చటికి వచ్చి తెలుగు నేర్చి అనువాదమునకు పూనుకొనిరి. క్రైస్తవుడైన ఆనందరాయరు అను బ్రాహ్మణుడు వారికి తోడ్పడెను. క్రాన్ 1809లోను, డెగ్రాంజెస్ 1810లోను మరణించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తల తెలుగు ప్రతులు 1812లో బంగాళాదేశపు సేరంపూరున అచ్చయి వెలువడెను. అనగా ఏ పుస్తకమునకై ఆ ఇరువురు తమ కన్నులు కాయలు కాచునట్లు శ్రమించిరో, ఆ పుస్తకమును వారు చేతబట్టుకొని చూడలేదు. తరువాత విశాఖపట్టణపు ప్రిచెట్ చేసిన క్రొత్త నిబంధన అనువాదము 1818లో మద్రాసున అచ్చయినది. ఈ విధముగా సమూయేలు, నెహెమ్యా, పౌలు అను దూరదేశపు పేరులు క్రమముగా తెలుగు పేరులయి మన యూళ్ళలో పిల్లలకు పెట్టుకొను పేరులయినవి. ఆ పేరుగలవారు ఎట్టి నాయకులో తెలిసికొనుట ఏ మతమువారికైనను ఉపయోగమే.

మొదట సమూయేలును చూతము. ఇతడు ఇశ్రాయేలీయులకు న్యాయాధిపతి. ఏటేట బేతేలు, గిల్గాలు, మిస్పా అను ఊళ్ళు చుట్టివచ్చి జనుల తగవులు తీర్చెడివాడు. ఇతడు ముసలివాడు కాగా, తమకొక రాజు కావలెనని ప్రజలు కోరిరి. ఆ కోరిక సమూయేలు మనస్సును నొప్పించెను. అయినను సౌలును రాజుగా అభిషేకించి, గిల్గాలులో జనులందరు కూడినప్పుడు వారి యెదుట నిలిచి ఒక విచిత్రమైన మాట అడిగెను. తాను ఎవని యెద్దునైన తీసికొన్నానా, ఎవని గాడిదనైన పట్టుకొన్నానా, ఎవనినైన మోసగించి బాధపెట్టితినా, లంచము పుచ్చుకొని న్యాయమునకు కన్నులు మూసికొన్నానా అని కొత్తరాజు వినుచుండగా అడిగి, అట్లు తీసికొన్నట్లు ఎవరైన చెప్పినచో తిరిగి ఇచ్చివేసెదనని పలికెను. ఎవనియొద్దను ఏమియు తీసికొనలేదని జనులు సాక్ష్యమిచ్చిరి.

ఎద్దు, గాడిద అను మాటలను మనము తేలికగా తీసికొనరాదు. కమతములు చేసికొను సంసారికి ఎద్దన్న సాలు దున్నుట, గాడిదయన్న బరువు మోయుట. ఒక్క ఎద్దు పోయిన ఒక యేటి పంట పోయినట్లే. అధికారము గలవాడు పేదవానికి చేయు అన్యాయము సాధారణముగా ఇట్టి చోటనే జరుగును. సమూయేలు పెద్దపెద్ద యుద్ధములను, తాను చేసిన మేలులను ఏకరువు పెట్టి తన గౌరవమును నిలుపుకొనవచ్చును. అట్లు చేయక ఎద్దు సంగతి అడిగినాడు. అడుగుటకు ఎంచుకొన్న సమయము కూడ గమనింపదగినది. తాను గద్దె దిగుచున్న వేళ, తన స్థానమునకు వచ్చినవాడు ప్రక్కన నిలిచియున్న వేళ, ఫిర్యాదు చేయుటకు ఎవరికిని భయము లేని వేళ అడిగెను.

ఇక్కడ వినయమును, నిజాయితీయు ఒక్కచోటికి వచ్చుట చూడుడు. తాను ఏమియు తీసికొనకుండుట నిజాయితీ. తీసికొనలేదని తానే తీర్పు చెప్పుకొనక, ఆ తీర్పును జనుల నోటికి వదలుట వినయము. ఒకటి లేనిచో రెండవది నిలువదు. లెక్క చూపింపని నీతిమంతుని మనము నమ్మవలసినదే గాని యెరుగలేము. నీతి లేనివాని వంగిన మెడను ఎరుగుదుము గాని నమ్మలేము.

బైబిలు ఈ సందర్భమున ఒక చేదునిజమును దాచలేదు. సమూయేలు కుమారులగు యోవేలు, అబీయా అనువారు బెయేర్షెబాలో న్యాయాధిపతులై లంచములు పుచ్చుకొనిరి. ప్రజలు రాజును కోరుటకు చెప్పిన కారణములలో అదియొకటి. ఇంట గెలిచి రచ్చ గెలువుమను మన సామెతను బట్టి చూచినచో సమూయేలు ఇంట ఓడినాడనియే చెప్పవలెను. కుమారులను ఆ పదవిలో నియమించినవాడు తానే కదా. దీనివలన మనకు తేలునదేమన, తండ్రి నీతి కొడుకునకు ఆస్తివలె సంక్రమించునది కాదు. పదవి పొలము వంటిది కాదు. కావుననే ప్రతివాడును తన లెక్క తాను చెప్పవలసియున్నది.

నోటిమాటతో చెప్పిన లెక్క ఇది. వ్రాతపూర్వకమైన లెక్క దీనికంటె పూర్వమే మోషే కాలమున కానవచ్చును. మోషే అరణ్యమున ప్రత్యక్షపు గుడారమును నిర్మించునప్పుడు జనులు బంగారము, వెండి, ఇత్తడి తెచ్చి యిచ్చిరి. పని ముగిసిన తరువాత ఆ లెక్కను మోషే మాటచొప్పున యాజకుడైన ఈతామారు ఆధ్వర్యమున వ్రాసిరి. బంగారము 29 మణుగుల 730 తులములు. వెండి 100 మణుగుల 1,775 తులములు. ఆ వెండి ఎట్లు వచ్చినదన, లెక్కింపబడిన 6,03,550 మంది పురుషులు తలకు అరతులము చొప్పున ఇచ్చిరి. ఈ లెక్కలో మణుగునకు 3,000 తులములు. ఇంటిలో బడికి పోవు పిల్లలున్నచో వారిచేత ఈ లెక్క కట్టించి చూడవచ్చును. తలలలో సగము 3,01,775. మూడు లక్షల తులములు నూరు మణుగులు, తక్కినది 1,775. లెక్క సరిపోయినది. ఆ నూరు మణుగులతో నూరు దిమ్మలు పోతపోసిరి. మిగిలిన 1,775 తులములతో స్తంభముల కొక్కెములు మొదలైనవి చేసిరి.

దేవుని గుడారపు వైభవమును వర్ణించు గ్రంథము కొక్కెములకు పట్టిన వెండిని గూడ లెక్కలో చూపినది. తనతో దేవుడు ముఖాముఖి మాటలాడెనని చెప్పబడు నాయకుడు తన్ను ఎవరును అడుగనక్కరలేదని అనుకొనలేదు. ఈ మోషేనే బైబిలు భూమిమీద నున్న వారందరిలో మిక్కిలి సాత్వికుడని పేర్కొన్నది. ఉదయమునుండి సాయంకాలమువరకు ఒక్కడే కూర్చుండి తగవులు తీర్చుచుండగా, మామగారైన యిత్రో వచ్చి ఈ పద్ధతి మంచిది కాదని, నీవును ఈ జనమును నలిగిపోవుదురని చెప్పెను. వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి వేర్వేరు అధిపతులను నియమింపుమనియు, లంచగొండులు కానివారిని ఎన్నుకొనుమనియు సలహా యిచ్చెను. మోషే ఆ సలహాను ఉన్నది ఉన్నట్లు పాటించెను. మామ మాటకు అల్లుడు లోబడుట మన యిండ్లలో ఎంత అరుదో పాఠకులకు తెలియనిది కాదు.

నెహెమ్యా కథ మరికొంత దగ్గరగా మన కష్టసుఖములను స్పృశించును. ఇతడు పారసీక చక్రవర్తికి పానదాయకుడు. క్రీస్తునకు పూర్వము 445 ప్రాంతమున సెలవు పుచ్చుకొని యెరూషలేమునకు వచ్చి, కూలిన ప్రాకారమును 52 దినములలో కట్టించెను. ఆ పని జరుగుచుండగా పేదలు వచ్చి మొరపెట్టుకొనిరి. కరవు దినములలో ధాన్యముకొరకు పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను తాకట్టు పెట్టితిమనియు, రాజు పన్ను కట్టుటకు అప్పు చేసితిమనియు, తుదకు బిడ్డలను దాస్యమునకు ఒప్పగింపవలసి వచ్చినదనియు ఏడ్చిరి. అప్పిచ్చినవారు పరాయివారు కారు; వారి సొంత జాతి పెద్దలే. నెహెమ్యా మహాసభ కూర్చి ఆ పెద్దలను నిలదీసెను. అట్లు నిలదీయునప్పుడు తానును, తన సోదరులును, తన పనివారును కూడ సొమ్మును, ధాన్యమును అప్పు ఇచ్చినవారమేనని ఒప్పుకొని, మనమందరము ఈ వడ్డీ మానివేయుదమని పలికెను. ఇతరుల తప్పును ఎత్తిచూపు వాక్యములోనే తన పేరును చేర్చుకొనుట ఎంత కష్టమో సభలలో మాటలాడినవారికి తెలియును.

అంతటితో ఆగలేదు. నెహెమ్యా 12 సంవత్సరములు అధికారిగా నుండి, ఆ పదవికి చెల్లవలసిన భోజనపు భత్యమును తీసికొనలేదు. పూర్వపు అధికారులు జనులయొద్ద ఆహారము, ద్రాక్షారసము మాత్రమేగాక 40 తులముల వెండి కూడ రాబట్టెడివారు. ఇతని బల్లవద్ద 150 మంది భోజనము చేసెడివారు. దినమునకు ఒక ఎద్దు, ఆరు గొఱ్ఱెలు కావలసియుండెను. ఆ ఖర్చున్నను భత్యము తీసికొనకుండుటకు ఆయన చెప్పిన కారణము సామాన్యమైనది: జనులమీద భారము అప్పటికే అధికముగా నుండెను. చట్టము తీసికొమ్మని అనుమతించిన దానిని సైతము జనుల స్థితిని చూచి వదలుకొనుట నిజాయితీలో పై మెట్టు. కంచే చేను మేసినట్లు అను సామెత చట్టవిరుద్ధమైన దోపిడీకే వర్తించునని మనము అనుకొందుము. చట్టము అనుమతించిన మేతయు చేనునకు మేతయే.

నాయకులందరును ఇట్లు నిష్కళంకులేనా అని అడుగవచ్చును. కారు. దావీదు రాజు తన సైనికుడైన ఊరియా భార్యను చేపట్టి, ఊరియాను యుద్ధములో ముందు నిలిపి చంపించెను. అంత బలముగల రాజునొద్దకు నాతాను ప్రవక్త వచ్చి ఒక కథ చెప్పెను. మందలు గల ధనికుడొకడు, అతిథి రాగా తన గొఱ్ఱెలను ముట్టక, పేదవాడు బిడ్డవలె పెంచుకొన్న ఒకేయొక గొఱ్ఱెపిల్లను పట్టి వండించెనట. దావీదు కోపించి అట్టివాడు చావదగినవాడనెను. ఆ మనుష్యుడవు నీవేయని నాతాను ముఖముననే చెప్పెను. దావీదు తాను పాపము చేసితినని ఒప్పుకొనెను. నాతాను తన యింటికి తిరిగి వెళ్ళెను.

ఈ చివరి చిన్నమాటలోనే సంగతి యంతయు ఉన్నది. ఎందరో రాజుల కొలువులలో అట్టి మాట పలికినవాడు ఇంటికి తిరిగి వెళ్ళియుండడు. దావీదు గొప్పతనము తప్పు చేయకుండుటలో లేదు. ఘోరమైన తప్పే చేసెను. ఒప్పుకొన్నంతమాత్రాన ఊరియా తిరిగి బ్రతికి రాలేదు. దావీదు ఇంట తరువాత కలిగిన కలహములను, చావులను గ్రంథము దాచలేదు. అయినను అడిగినవానిని బ్రతుకనిచ్చినాడు. అడిగినవాడు క్షేమముగా ఇల్లు చేరు రాజ్యమున దిద్దుబాటునకు ఆశ యుండును.

క్రొత్త నిబంధనకు వచ్చినచో, యోహాను సువార్తలో యేసు తన శిష్యుల పాదములు కడిగిన ఘట్టము అందరకు తెలిసినదే. మన యిండ్లలో పాదప్రక్షాళనము కొత్త సంగతి కాదు. గుమ్మమున అతిథికి కాళ్ళకు నీళ్ళిచ్చుట మన ఆచారము. కన్యాదానవేళ మామగారు అల్లుని కాళ్ళు కడుగును. అక్కడ కడుగబడువాడు ఆ ఘడియకు దేవునితో సమానుడని భావన. యేసు చేసిన దానిలో వరుస తలక్రిందులయినది. గురువు లేచి, పైవస్త్రము తీసి, తువాలు కట్టుకొని, పళ్ళెమున నీళ్ళు పోసి, శిష్యుల పాదములు కడిగెను. ఆ దేశమున అది దాసుని పని. పేతురు తన పాదములు కడుగవలదని వారించెను. కొద్దిసేపటికి తన్ను పట్టియియ్యబోవు యూదా కూడ అక్కడనే యుండెను. ఆ సంగతి యెరిగియే కడిగెను. తరువాత మరల వస్త్రము ధరించి కూర్చుండి, నన్ను బోధకుడని, ప్రభువని పిలుచుచున్నారు, అది సరియే. కాని నేను చేసినట్లు మీరును ఒకరికొకరు చేయవలెనని భావము వచ్చునట్లు చెప్పెను. గురుత్వమును వదలుకొనలేదు; దాని నుపయోగించు తీరును మార్చినాడు.

ఇక పౌలు. యెరూషలేములోని పేదలకొరకు మకెదోనియ, అకయ ప్రాంతముల సంఘములలో చందా పోగుచేయించెను. ఆ సొమ్మును తానొక్కడే తీసికొని పోలేదు. తీతును, సంఘములు ఏర్పరచిన మరియొక సోదరుని తోడు పంపెను. ఇంత పెద్ద మొత్తము విషయమున తమమీద ఎవరును తప్పు మోపకుండునట్లు, దేవుని దృష్టియందే గాక మనుష్యుల దృష్టియందును యోగ్యముగా నుండవలెనని దీనికి కారణము వ్రాసెను. ఈ మాట చాలమందికి రుచింపదు. నా మనస్సాక్షికి తెలియును, దేవునికి తెలియును, ఇతరులకు నేనేల చెప్పవలెను అనువారు అన్ని మతములలోను గలరు. పౌలు లెక్కలో అది చాలదు. చందా యిచ్చినవాడు మనుష్యుడు. కాబట్టి మనుష్యునికి కనబడవలెను.

ఇంతవరకు చెప్పినవి దూరకాలపు, దూరదేశపు సంగతులు. వీనిని తెలుగునాట ఆచరణలో పెట్టజూచినవారిలో బిషప్పు అజరయ్య ముఖ్యుడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునల్వేలి సీమలోని వెళ్ళాలన్‌విళై గ్రామమున ఒక పల్లె పాదిరి యింట పుట్టెను. తమిళుడు. 1903లో తిరునల్వేలిలో భారతీయుల డబ్బుతో, భారతీయుల చేతులమీదుగా, భారతీయుల నిర్వహణతోనే నడువవలసిన మిషనరీ సంఘము స్థాపించుటలో ముందుండెను. ఆ సంఘము పనిచేయ నెంచుకొన్న చోటు నాటి నిజాము రాజ్యములోని డోర్నకల్లు. అజరయ్య 1909లో పాదిరి పట్టము పొంది అచ్చటికి వచ్చి, ముప్పదియైదేండ్ల వయస్సున తెలుగు నేర్చికొని పల్లెజనులతో వారి భాషలోనే మాటలాడెను.

1910లో స్కాట్లండు దేశపు ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. ప్రతినిధులలో అత్యధికులు పాశ్చాత్యులు. అక్కడ అజరయ్య నిలిచి, విదేశ మిషనరీలు భారతీయులకొరకు ఎంతో త్యాగము చేసిరనియు, కాని తమతో సమానులైన మిత్రులుగా భారతీయులను చూచుట లేదనియు నిర్మొగమాటముగా చెప్పెను. వినినవారిలో కొందరికి అది కంటకమయినది. వినయమనగా పెద్దలయెదుట నోరు మెదపకుండుటయని తలచువారు ఈ ఘట్టమును తలపోయవలెను. నాతాను దావీదునెదుట నిలిచినట్లే అజరయ్య నాటి పెద్దలయెదుట నిలిచెను.

రెండేండ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో ఆయనకు బిషప్పు పట్టము కట్టిరి. ఆంగ్లికను సంఘమున బిషప్పయిన మొదటి భారతీయుడు ఆయనయే. ఆ పదవిని ఆయన డోర్నకల్లు చుట్టునున్న పల్లెలకు మోసికొనిపోయెను. ఎడ్లబండిమీదను, సైకిలుమీదను తిరిగెను. మురికి, రోగము, ఋణము, త్రాగుడు అను నాలుగింటిని దయ్యములని పిలిచి వానితో పోరాడవలెనని బోధించెను. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ ఆ పరిచర్యలో తోడుగా నిలిచెను. కులభేదము విడువకయే క్రైస్తవులగుటకు వీలులేదనియు, మాల మాదిగలు మొదలుగా అందరును ప్రభురాత్రి భోజనమున ఒకే గిన్నెనుండి పానము చేయవలెననియు పట్టుబట్టెను. ఆ కాలపు పల్లెలో ఆ పట్టు ఎంత కఠినమైనదో ఊహింపవచ్చును.

సంఘము తన పోషణ తానే చూచుకొనవలెనను నియమము ఆయన పనికి వెన్నెముక. పల్లె స్త్రీలు అన్నము వండునప్పుడెల్ల ఒక పిడికెడు బియ్యము తీసి వేరుగా నుంచి, దానిని సంఘమునకు సమర్పించెడివారు. కూలిచేసి బ్రతుకు కుటుంబమున పిడికెడు బియ్యమనగా చిన్న మొత్తము కాదు. ఈ పద్ధతివలన మరియొక ప్రయోజనము కూడ ఉన్నదని మాకు తోచును. దూరదేశపు దాత పంపిన డబ్బునుగూర్చి పల్లెవాడు అడుగడు. తన పొయ్యిమీదికి పోవలసిన బియ్యమునుగూర్చి అడుగును. ఇచ్చువాడు దగ్గరనున్నచో లెక్క చెప్పువాడు జాగ్రత్తగా నుండును. దానము నాయకునికి కాపలా కాయును.

డోర్నకల్లు మహాదేవాలయము సంవత్సరముల తరబడి కట్టగా 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. దానిలో హిందూ దేవాలయ స్తంభముల తీరును, ముస్లిము గుమ్మటముల తీరును కలసియుండుట నేటికిని చూడవచ్చును. విదేశపు గోపురము తెచ్చి పల్లెలో నిలుపక, చుట్టునున్నవారి కట్టడములనుండి నేర్చుకొనుట కూడ ఒక అణకువయే.

అజరయ్య విమర్శకు అతీతుడు కాడు. 1930 దశకమున మతాంతరమును గూర్చి గాంధీజీకిని ఆయనకును గట్టి భేదాభిప్రాయము కలిగినది. ఇరువురును ప్రజాసేవకులే, ఇరువురును బీదల పక్షమువారే, అయినను ఈ విషయమున ఏకీభవింపలేదు. ఆ వివాదమున ఎవరిది సరియో తేల్చుట ఈ ప్రసంగపు పని కాదు. దక్షిణ భారతమున వేర్వేరు క్రైస్తవ శాఖలు ఒక్కటి కావలెనని ఆయన చిరకాలము పాటుపడెను. 1945 జనవరి 1న డోర్నకల్లులో మరణించెను. దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది 1947 సెప్టెంబరు 27న. విశాఖపట్టణపు అనువాదకులు తమ అచ్చుపుస్తకమును చూడనట్లే, ఈయనయు తాను కోరిన ఐక్యమును చూడలేదు. ఫలము తన కన్నులముందే పండవలెను, దానిమీద తన పేరే యుండవలెనను తొందర లేనివాడే ఇట్టి పనులు చేయగలడు. ఆ తొందర గలవానికి లెక్క తప్పుగా వ్రాయు శోధన తరుచుగా వచ్చును.

ఈ గుణము బిషప్పులకు, ప్రవక్తలకు మాత్రమే చెందినదని మేము తలపము. మన రాజ్యాంగ వ్యవస్థ కూడ క్రమముగా ఇదే త్రోవ పట్టినది. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు స్థానము కల్పించినది. 2005 నాటి సమాచార హక్కు చట్టము సామాన్యుడు ప్రభుత్వ కాగితములను అడిగి చూచుటకు వీలు కల్పించెను. అదే యేటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము సామాజిక తనిఖీని విధింపగా, 2006నుండి ఆంధ్రప్రదేశమున పల్లెపల్లెలో హాజరు పట్టీలను జనులముందు చదివి, నీవీ దినములు పనిచేసితివా, ఈ కూలి నీ చేతికి వచ్చినదా అని కూలివారిని అడిగిరి. గిల్గాలులో సమూయేలు అడిగిన ప్రశ్నకును దీనికిని పెద్ద భేదము లేదు. ఒక్క భేదము కలదు. సమూయేలు తానే అడిగెను. మనకు చట్టము అడిగింపవలసి వచ్చినది.

చట్టము చేరని చోటులు అనేకములు గలవు. వీధిలోని చీటీపాట, స్త్రీల పొదుపు సంఘము, గుడి తిరునాళ్ళ చందా, చర్చి కట్టడపు నిధి, అపార్టుమెంటు సంఘము, పెండ్లికి చుట్టములు కూర్చిన సొమ్ము, ఇవన్నియు నమ్మకముమీదనే నడుచును. అక్కడ నాయకుడైనవాడు అడుగకముందే జమాఖర్చుల పుస్తకము తెరచి అందరి నడుమ పెట్టవచ్చును. సంచి ఒక్కని చేతిలో నుండక ఇద్దరి చేతిలో నుండునట్లు చూచుకొనవచ్చును. పదవి దిగునాడు తరువాతివాని యెదుటనే లెక్క ఒప్పగింపవచ్చును. లెక్క అడిగినవానిని శత్రువుగా చూడక, నాతానునువలె ఇల్లు చేరనీయవచ్చును. ఇంటి యజమానికి సైతము ఇది వర్తించును. సంపాదన యెంత, అప్పు యెంత యని భార్యాబిడ్డలతో కూర్చుండి చెప్పని పెద్ద, ఊరి పెద్దను లెక్క అడుగుటకు తగడు.

అడుగువారికిని ఒక ధర్మము కలదు. గిల్గాలులోని జనులు ఎన్నియో కోరికలు కోరినవారే. ముసలి న్యాయాధిపతిని నొప్పించినవారే. అయినను అడిగినప్పుడు ఉన్న నిజము చెప్పిరి. కిట్టనివానిమీద అబద్ధపు నింద వేయుటకు ఆ సందర్భమును ఉపయోగించుకొనలేదు. లెక్క అడుగుట వేరు, పుకారు పుట్టించుట వేరు. పుస్తకము చూడకముందే తీర్పు చెప్పువారివలన మంచివారు పదవులకు దూరమగుదురు; అప్పుడు మిగులువారెట్టివారో వేరుగా చెప్పనక్కరలేదు.

కనుక మన సంఘములకు నాయకుని ఎన్నుకొనునప్పుడు అతని నమస్కారము ఎంత క్రిందికి వంగినదో కొలువవద్దు. అతడు పూర్వము చేసిన పనికి లెక్క ఎట్లు చెప్పెనో, చెప్పమన్నప్పుడు అతని ముఖము ఎట్లు మారెనో చూడుడు. మోషే కాలపు లెక్కలో గుడారపు బంగారము అందరికి కనబడునదే. దానిని వ్రాయకున్నను ఎవరో యొకరు అడిగియుందురు. స్తంభముల కొక్కెములను ఎవరును అడిగియుండరు. వానిని వ్రాసినవాడే మనకు కావలసిన నాయకుడు.